గడప కింద తీగ

ఈమధ్య మా ఎదురు ఫ్లాటు ఖాళీ అయింది. గుణదలలో ఫ్లాటు ఖాళీ అయిందంటే చూడటానికి వచ్చేవాళ్లకి కొదవుండదు. వచ్చినవాళ్లెవరూ ముందు వంటగది చూడరు, నీళ్లు సరిగ్గా వస్తాయా అని అడగరు. లిఫ్టు దిగుతూనే జేబులోంచి ఫోను తీసి, అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, గుమ్మం ముందు నిలబడి తమ చుట్టూ తాము తిరుగుతారు. ఫోనులోనే దిక్కులు చూపించే ఏర్పాటు ఉందట. అది మధ్యలో మొరాయించి గాలిలో ఎనిమిది అంకె చుట్టమంటుంది. భార్యాభర్తలిద్దరూ చెరో ఫోనూ పట్టుకుని గాలిలో ఎనిమిదులు చుడుతుంటే, తలుపు సందులోంచి చూసే నాకు మంచి కాలక్షేపం. మొన్న ఒకాయన నన్ను చూసి, "మేడమ్, ఇది కరెక్టుగా తూర్పేనా అండీ? మా ఫోను ఆగ్నేయం అంటోంది" అన్నాడు. ఆయన నిలబడింది లిఫ్టు ఇనుప తలుపుకి వీపు ఆనించి. పొద్దున్నే సూర్యుడు ఆ గుమ్మంలోకే వస్తాడనీ, ఆయన దగ్గర ఫోను లేకపోయినా ఇన్నేళ్లలో ఎప్పుడూ దారి తప్పలేదనీ చెప్పాను. ఆయన నవ్వలేదు. భార్య మాత్రం నవ్వబోయి, భర్త మొహం చూసి ఊరుకుంది.

లోపలికొచ్చి తలుపేసుకున్నాక నాకూ నవ్వు పోయింది. టీవీ పక్కన అక్కయ్య దిక్సూచి ఉంది. ఇత్తడి డబ్బా, పైన అద్దం, లోపల నీలం రంగు ముల్లు. నిజానికి అది నాది, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్నది. కానీ చివరి రోజుల్లో అక్కయ్య దగ్గర ఉండటం వల్ల అది ఆమెదే అయిపోయింది. ఆమె పోయాక తిరిగి నా దగ్గరికి చేరింది. ఎప్పుడు చూసినా ఒకే వైపు చూపిస్తూ కూర్చుంటుంది. దాని తప్పేమీ లేదు. ఆ సంగతి అందరికన్నా నాకే బాగా తెలుసు.

నేను చాలా ఏళ్లు విజయవాడలో ఇంటర్మీడియట్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. తీగలో కరెంటు ప్రవహిస్తే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తీగ పక్కన దిక్సూచి పెడితే ముల్లు ఉత్తరాన్ని వదిలేసి పక్కకి తిరుగుతుంది. కరెంటు ఆపేస్తే మళ్లీ ఉత్తరానికి వచ్చేస్తుంది. పాఠం ఇంతే. క్షేత్రం ఎటు తిరుగుతుందో తెలియాలంటే కుడి చేతి బొటనవేలు కరెంటు పోయే వైపు చాచి, మిగతా వేళ్లు తీగ చుట్టూ ముడవాలి. ఆ పాఠం రోజున క్లాసు క్లాసంతా బొటనవేళ్లు లేపి కూర్చునేది. వరండాలో పోతున్న ప్రిన్సిపాల్ గారికి లోపల ఎవరు ఎవరి మీద గెలిచారో అర్థమయ్యేది కాదు. తీరా పరీక్షలో కుడి చేతిలో పెన్ను ఉంటుంది కదా, పెన్ను వదలడం ఎందుకని ఎడమ చెయ్యి ముడిచి, దిక్కు తలకిందులుగా రాసేవాళ్లు. అందులో తెలివైన పిల్లలే ఎక్కువ. వాళ్లకే తొందర. నియమం తెలిస్తే చాలదర్రా, ఏ చేత్తో చూస్తున్నారో కూడా చూసుకోండి అని గొంతు పోయేలా చెప్పేదాన్ని. ఇంత చెప్పినదాన్ని మా పుట్టింట్లో మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఊది వచ్చాను.

మాది ఉయ్యూరు. చెరకు, వరి, నాలుగు గేదెలు. చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజుల్లో ఊరంతా తియ్యగా పులిసిన వాసన వేసేది. బయట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే మాకు ఆశ్చర్యంగా ఉండేది. అక్కయ్య నాకన్నా బాగా పెద్దది. మా ఇద్దరి తర్వాత తమ్ముడు. అక్కయ్యకి పెళ్లి చేసి పంపిన కొన్నాళ్లకి, ఒక ఉదయం ఆమె బస్సు దిగి, ట్రంకు పెట్టె రిక్షాలో వేయించుకుని ఇంటికి వచ్చేసింది. ఆ ఇంట్లో నాకు కుదర్లేదు నాన్నా, అంది. అంతకు మించి ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. నాన్న అడగలేదు. నాన్న అడగనిది ఊరు అడిగింది. పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్లు, పెళ్లిపిలుపులకి వచ్చినవాళ్లు, ఎవరికి వాళ్లు కాస్త ఆగి, సర్దుకుపోలేకపోయావా తల్లీ అని ఒక మాట అని పోయేవారు. ఆమె పాలు కొలిచిపోస్తూ వినేది. కొలత మాత్రం ఎప్పుడూ తగ్గించలేదు. నేనైతే తగ్గించి ఉండేదాన్ని.

నాన్న ఆమె కోసం ఇంటికి దక్షిణం వైపు ఒక గది వేయించాడు. పెద్ద గదేమీ కాదు. మంచం, ట్రంకు పెట్టె, కుట్టు మిషను పట్టేటంత. గోడ లేస్తున్నప్పుడు తాపీపని వాళ్లకి నీళ్లు తనే అందించాడు. పని పూర్తయిన రోజున అక్కయ్యని పిలిచి, ఇది నీది, ఇక్కడి నుంచి నిన్ను ఎవరూ కదపరు అన్నాడు. మా నాన్న మాట తప్పే మనిషి కాదు. కాకపోతే, మనిషితోపాటు మాట కూడా పోతుందని ఆయనకి తెలియదు. అమ్మకి జబ్బు చేసి మంచాన పడితే చూసింది అక్కయ్య. తమ్ముడికి జ్వరాలు వస్తే కషాయాలు కాచింది, బడికి పంపింది, పెళ్లిచూపులకి ముందుండి తీసుకెళ్లింది అక్కయ్య. మరదలు కాపురానికి వచ్చాక ఆమె పురుళ్లు పోసింది, మేనల్లుడిని చంకనేసుకుని పెంచింది అక్కయ్య. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆమెనే అడగాలి. ఆమె ఒక పూట పెళ్లికి వెళితే ఇంట్లో కాఫీ పొడి కూడా దొరికేది కాదు.

ఇక తీగ సంగతి. కొన్నేళ్ల కిందట తమ్ముడు ఇంటికి ఇన్వర్టర్ పెట్టించాడు. ట్రాక్టర్ విడిభాగాల కొట్టు బాగా నడుస్తోంది, ఇంటికి రంగులు కొత్తగా వేశారు. బ్యాటరీలు వరండాలో ఒక చివర పెట్టారు, ఇన్వర్టర్ పెట్టె హాల్లో పెట్టారు. రెంటికీ మధ్య ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ నడవాలి. అవి వేలు లావు తీగలు. గోడలో ఉన్న పాత పైపులో ఒక్కటే పట్టింది. రంగు వేసిన గోడ కొట్టడానికి మరదలు ఒప్పుకోలేదు. ఎలక్ట్రీషియన్ ఆలోచించి, నల్ల తీగని గుమ్మం పైనున్న పైపులోంచి తీసుకెళ్లి, ఎర్ర తీగని గడప కిందున్న గాడిలో పడుకోబెట్టి సిమెంటు పూశాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. రెండు తీగలూ పక్కపక్కన వెళ్లాలయ్యా అన్నాను. పక్కపక్కన వెళితే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాని క్షేత్రాన్ని ఒకటి చెరిపేస్తాయి. విడదీస్తే దేని క్షేత్రం దానిదే. "ఏం కాదు మేడమ్, ఫ్యాన్ తిరుగుద్ది కదా" అన్నాడతను. ఫ్యాను తిరిగింది. అతని వరకు అది న్యాయమే.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగ్గొట్టాల కింద పుట్టి మన గోడల్లోకి వచ్చే మామూలు కరెంటు క్షణంలో ఎన్నోసార్లు దిక్కు మార్చుకుంటూ ఉంటుంది, మా బంధువుల్లా. దాని పక్కన ముల్లు పెడితే, ఎటు తిరగాలో తేలేలోపే దిక్కు మారిపోతుంది కాబట్టి ముల్లు కదలదు. బ్యాటరీ కరెంటు అలా కాదు, పట్టిన దారి వదలదు. మా ఇల్లు తూర్పుముఖం. అంటే గడప ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. దాని కింద ఎర్ర తీగ కూడా ఉత్తర దక్షిణాలుగానే పడుకుంది. ముల్లుని పక్కకి తిప్పాలంటే తీగని ఇంతకన్నా బాగా పడుకోబెట్టలేం. నేను లాబ్‌లో పిల్లలకి చూపించడానికి ఎన్నో తంటాలు పడి అమర్చుకునే ఏర్పాటుని మా తమ్ముడు తెలియకుండానే గడప కింద పూడ్చిపెట్టుకున్నాడు. కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీ తీగలో ఏమీ ఉండదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుందంటే అప్పుడు ఆ తీగ లేచి కూర్చుంటుంది.

మేనల్లుడికి పెళ్లి కుదరడం లేదు. వాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రికి కారు నడపడం ఎలాగో నేర్పి వచ్చే రకం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, లోపం ఇంట్లో ఉందని తేల్చి, తమ్ముడు వాస్తు సిద్ధాంతిగారిని పిలిపించాడు. నేనా రోజు లేను, తర్వాత అందరూ చెప్పిందే చెబుతున్నాను. లైన్ల మీద కొమ్మలు కొట్టడానికని ఆ పూట ఊళ్లో కరెంటు తీశారు. సిద్ధాంతిగారు పద్ధతి గల మనిషి. ముందు చేతి ఉంగరం, నడుముకి బెల్టు తీసి దూరంగా పెట్టారు. ఇనుము దగ్గరుంటే కంపాస్ తప్పుచెబుతుందని చెప్పి, అక్కయ్య గాజులకున్న పిన్నీసులు కూడా తీయించి వాకిట్లోకి పంపారు. ఆయనకి చెమట పడుతోందని, వాకిట్లోకి వెళ్లేముందు హాల్లో ఉన్న ఫ్యాన్లన్నీ వేసింది కూడా అక్కయ్యే. ఎన్ని ఫ్యాన్లు తిరిగితే గడప కింద అంత కరెంటు. ఆయన పసుపు రాసిన గడప మీద, సరిగ్గా మధ్యలో, కంపాస్ పెట్టారు. ముల్లు పడమటి వైపుకి తిరిగింది.

ఇల్లు దిక్కు తప్పిందన్నారు. ఆ లెక్కన దక్షిణంలో ఉందనుకున్న గది నైరుతి మూలలో పడిందన్నారు. నైరుతిలో ఇంటి యజమాని ఉండాలి గానీ ఆడపడుచు ఉండకూడదు, ఉంటే ఇంట్లో శుభకార్యాలు ముందుకి సాగవన్నారు. గది ఖాళీ చేయించి, తలుపు తీసేసి గోడ కట్టేస్తే సరిపోతుందన్నారు. మిగతా గదుల్లో ఎక్కడ సర్దాలి అన్న మాట ఎవరూ ఎత్తలేదు. మేడ మీద గది మేనల్లుడిది, వాడు రాకపోయినా అది వాడిదే. హాలు పక్క గది చుట్టాలది.

అక్కయ్య నాకు ఫోను చేసింది. మామూలుగా వంటలు, మోకాళ్లు మాట్లాడాక, మీ వీధిలో ఎక్కడైనా చిన్న పోర్షన్ ఉంటే చూడవే అంది. ఎవరికి అన్నాను. నాకే అంది. కారణం నెమ్మదిగా రాబట్టాను. కరెంటు ఉందా ఆ పూట అని అడిగాను. లేదంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయా అన్నాను. అన్నీ వేశాను అంది. నాకు ఒళ్లు మండిపోయింది, అదే సమయంలో పట్టలేని సంతోషం కూడా కలిగింది. ఒక్క దిక్సూచితో తేలిపోయే విషయం ఇది. ఇన్నేళ్లు చెప్పిన పాఠం ఒక్కసారైనా ఒక మనిషికి పనికొస్తోంది అనుకున్నాను. సిద్ధాంతిగారిని మళ్లీ పిలిపించమని తమ్ముడికి గట్టిగా చెప్పి, డబ్బా సంచిలో వేసుకుని, పొద్దున్నే ఉయ్యూరు బస్సెక్కాను.

వరండాలో అందరూ చేరారు. సిద్ధాంతిగారు కుర్చీలో, తమ్ముడు గుమ్మం పక్కన, మరదలు లోపలివైపు. అక్కయ్య వంటింట్లో ఉంది. గడప మీద నా దిక్సూచి పెట్టాను, ఆయన కంపాస్ కూడా పక్కనే పెట్టమన్నాను. రెండు ముళ్లూ గడప వెంట తిన్నగా నిలబడ్డాయి. అంటే ఇల్లు దిక్కులోనే ఉంది. తర్వాత మెయిన్ స్విచ్చి తీసేయమన్నాను. ఇన్వర్టర్ కీచుమంది, ఫ్యాన్లు అందుకున్నాయి. రెండు ముళ్లూ కూడబలుక్కున్నట్టు పడమటికి తిరిగాయి. స్విచ్చి వేయించాను. బ్యాటరీలోకి కరెంటు ఎదురు ఎక్కడంతో కాస్త తూర్పుకి ఒరిగి, ఆ తర్వాత నిదానంగా ఉత్తరానికి వచ్చాయి. లాబ్‌లో కూడా ఇంత అందంగా ఎప్పుడూ రాలేదు. చప్పట్లు కొట్టేవాళ్లు లేరు గానీ, నా మనసులో క్లాసంతా బొటనవేళ్లు లేపింది.

సిద్ధాంతిగారిని నేను తప్పుపట్టను. ఆయన వంగి, కళ్లజోడు పైకి తోసుకుని, స్విచ్చి మళ్లీ మళ్లీ తీయించి వేయించి చూశారు. చివరికి లేచి, "ఇది నేను చూసుకోలేదమ్మా. ఇనుము తీయించాను గానీ ఇది నాకు తట్టలేదు. గది దక్షిణంలోనే ఉంది, దోషమేం లేదు" అన్నారు. తన మాట తానే వెనక్కి తీసుకోగలిగిన మనిషిని మా వీధిలో అంతకుముందు నేను చూడలేదు. ఇక అయిపోయిందనుకుని తమ్ముడి వైపు తిరిగాను.

ఇంటికి దోషం లేదని తెలిస్తే ఇంటాయన మొహం విచ్చుకోవాలి. మా తమ్ముడి మొహం వాడిపోయింది. బడిలో సెలవు ఇచ్చినట్టే ఇచ్చి రద్దు చేసినప్పుడు పిల్లల మొహం అలా ఉంటుంది. మరదలు తలుపు చాటు నుంచి, దోషం ఉందని ఒకసారి నోట్లోంచి వచ్చేశాక మనసు ఒప్పదు కదండీ వదినగారూ, అంది. సిద్ధాంతిగారు ఏదో చెప్పబోయి, తమ్ముడి మొహం చూసి, ఉంగరం పెట్టుకోవడం మొదలుపెట్టారు. తమ్ముడు నా వైపు చూడకుండా గడపనే చూస్తూ, "కందకి లేని దురద కత్తిపీటకెందుకు చిన్నక్కా? పెద్దక్క ఏమన్నా అందా?" అన్నాడు. పొమ్మనలేక పొగబెట్టడమని మన పెద్దవాళ్లు అన్నారు. మా వాళ్లు పొగ బదులు కరెంటు పెట్టారు. ఆ క్షణంలో నాకు తెలిసొచ్చింది, వాడు ముల్లుని నమ్మి ఆమెని పంపడం లేదు. పంపాలని ఎప్పుడో అనుకున్నాడు, ముల్లు చేతికొచ్చింది. ఆమె పోసిన కషాయాల రుచి వాడి నాలుక మీద ఇంకా ఉండి ఉంటుంది. ఆ కోపం ఈ రోజుకీ నాకు చల్లారలేదు, చల్లార్చుకోవాలని కూడా లేదు.

వాదన మొదలుపెట్టేదాన్నే. అక్కయ్య కాఫీ గ్లాసులతో వచ్చింది. సిద్ధాంతిగారికి ఇచ్చింది, తమ్ముడికి ఇచ్చింది. వాడు తీసుకున్నాడు, చక్కెర సరిపోయిందా అని ఆమె అడిగితే తలూపాడు కూడా. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్లింది. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి తాడు కట్టింది. ట్రంకు పెట్టెకి తాళం కూడా పడింది. అదే పెట్టె, రిక్షాలో వచ్చినది. నేను బస్సెక్కకముందే ఆమె సర్దేసుకుంది.

"వాళ్లతో వాదించకే" అంది. గది దక్షిణంలోనే ఉంది అక్కయ్యా, ఆయనే ఒప్పుకున్నాడు, అన్నాను. నాకు తెలుసులే అంది. కూర్చోమని మంచం చూపించి, తాను పెట్టె మీద కూర్చుంది.

"మొదటిసారి ఇల్లు దాటి వచ్చేసినప్పుడు ఊరంతా నాదే తప్పన్నారు. ఇన్నేళ్లూ ఆ మాట మోశాను. ఈసారి గదిది తప్పంటున్నారు, నన్నేమీ అనట్లేదు. నువ్వు గదికి తప్పు లేదని తేల్చావనుకో, వాళ్లు ఇంకో తప్పు వెతుక్కోవాలి. ఇక మిగిలింది నేనేగా."

బయట ఎవరో మెయిన్ స్విచ్చి మళ్లీ తీసినట్టున్నారు, ఇన్వర్టర్ కీచుమంది. నేను వెళ్లి గడప మీద నుంచి నా డబ్బా తీసుకుని సంచిలో వేసుకున్నాను. ఆ సాయంత్రమే ఒక చిన్న ఆటో ట్రాలీలో మిషనూ, మంచమూ, పెట్టే ఎక్కించుకుని ఇద్దరం విజయవాడ వచ్చేశాం. తమ్ముడు సామాను ఎక్కించడంలో బాగానే చెయ్యి వేశాడు. తాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూశాడు.

మా ఇంట్లో ఉండమంటే అక్కయ్య వినలేదు. చెల్లెలి ఇంట్లో ఒక గది, మళ్లీ దానికొక దిక్కు, ఎందుకులే అంది. మా వెనక వీధిలో కొండ వైపు ఒక పోర్షన్ దొరికింది. దానికి ఏ వాస్తూ లేదు. గుమ్మం పక్కనే నాలుగిళ్ల మీటర్లు, వాటి కింద స్కూటర్లు. మొదటి రోజున ఆమే నవ్వుతూ, నీ డబ్బా పెట్టి చూడవే, ఇది ఏ ఫేసింగో, అంది. చూసి పడమర అన్నాను. మరేం, పడమర పొద్దు కూడా పొద్దేగా అంది. ఆ డబ్బా అక్కడే అట్టిపెట్టేసుకుంది. నేను రోజూ వెళితే, ఉత్తరం ఇంకా అక్కడే ఉందే, చూసుకున్నావా, అని ఎగతాళి చేసేది. కుట్టు మిషను మాత్రం విప్పలేదు, ఎంతకాలముంటామో అని. మేరీమాత తిరునాళ్లకి వీధంతా జనంతో నిండినప్పుడు గుమ్మంలో బిందెతో మంచినీళ్లు పెట్టుకుని కూర్చునేది. కొండెక్కి దిగి వచ్చినవాళ్లకి నీళ్లు ముంచి ఇస్తూ, ఏ ఊరు, పిల్లలెందరు అని ఆరా తీసేది. వాళ్లలో ఎవరైనా మీదే ఊరమ్మా అని అడిగితే, ఇక్కడే అనేది. ఉయ్యూరు అనడం నేను వినలేదు. తమ్ముడు పండక్కో పబ్బానికో ఫోను చేసేవాడు, ఆమె బాగా మాట్లాడేది. పెట్టేశాక మాత్రం కాసేపు ఫోనుని చేతిలోనే ఉంచుకుని కూర్చునేది. ఒక వర్షాకాలంలో జ్వరం వచ్చి, ఆసుపత్రిలో కొన్ని రోజులుండి, అటు నుంచి అటే వెళ్లిపోయింది.

పెదకర్మ ఉయ్యూరులోనే చేస్తానన్నాడు తమ్ముడు, ఆమె పుట్టిన ఇల్లు కదా అని. ఘనంగా చేశాడు. బతికున్న మనిషికి లేని దిక్కు ఫొటోకి దొరికింది. హాల్లో దక్షిణపు గోడకి, పెద్ద దండతో. ఊరంతా వచ్చి, సొంత తల్లిలా చూసుకున్నాడమ్మా మీ తమ్ముడు అని నాతో అన్నారు. తిలాపాపం తలా పిడికెడు. నేను తలూపాను, మరి భోజనాల దగ్గర ఏమంటాం.

భోజనాలయ్యాక అక్కయ్య గది వైపు వెళ్లాను. తలుపు తీసేసి గోడ కడతామన్నారు గదా, కట్టలేదు. తలుపు అలాగే ఉంది. మేనల్లుడు హైదరాబాదులో తనే ఒక పిల్లని చూసుకుని అక్కడే పెళ్లి చేసుకున్నాడు, ఆ మాట అప్పటికే పాతబడింది. గది లోపల బ్యాటరీలు ఉన్నాయి. వరండాలో చూడటానికి బాగోలేదని మరదలు ఇన్వర్టర్‌తో సహా అన్నీ ఆ గదిలోకి మార్పించిందట. ట్రంకు పెట్టె ఉండే చోట, సిమెంటు దిమ్మ మీద, రెండు బ్యాటరీలు. ఎర్ర తీగా నల్ల తీగా పక్కపక్కన, నేను ఆనాడు చెప్పినట్టే, బుద్ధిగా గోడ వెంట వెళుతున్నాయి. అంతలో కరెంటు పోయింది. నేను సంచిలోంచి డబ్బా తీసి వెళ్లి గడప మీద పెట్టాను. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. ముల్లు వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఏం చూస్తున్నావు చిన్నక్కా అని తమ్ముడు అడిగాడు. మీ ఇల్లు సరిగ్గా తూర్పే రా అన్నాను. అవును, మొదటి నుంచీ తూర్పే కదా అన్నాడు వాడు.

కరెంటు ఆగిన క్షణమే తీగ చుట్టూ ఏమీ మిగలదు. రాగికి ఏదీ గుర్తుండదు. ఇనుము అలా కాదు, ఆగిపోయాక కూడా కొంత అయస్కాంతాన్ని పట్టుకుని కూర్చుంటుంది, మా ఇంట్లో అది నేను. కాలం గడిచేకొద్దీ ఇనుములోది కూడా తగ్గిపోతుందని పిల్లలకి చెప్పినదాన్ని నేనే. ఎంత కాలం పడుతుంది మేడమ్ అని ఇన్నేళ్లలో వాళ్లెవరూ అడగలేదు, అడిగి ఉంటే నేను ఇంకా లెక్క వేస్తూనే ఉండేదాన్ని.